డిస్కౌంట్ డబ్బాలో దొరికిన హ్యాంక్ మోబ్లీ

1980ల మొదట్లో అమెరికాలో రికార్డుల షాపుకెళ్తే ఏదో ఒక మూల అట్టపెట్టెలు కనిపించేవి. అమ్ముడుపోని ఎల్‌పీ రికార్డుల్ని కంపెనీలు వచ్చినకాడికి వదిలించుకునేవి. ఆ సరుకును మళ్లీ ఎవరూ పూర్తి ధరకు వాపసు ఇవ్వకుండా కవరు మూల కత్తిరించేవాళ్లు, లేదంటే అంచున గాటు పెట్టేవాళ్లు. చేతిలో నాలుగు డబ్బులున్న కాలేజీ కుర్రాళ్లు ఆ పెట్టెల ముందు గొంతుక్కూర్చుని ఒక్కో కవరూ తిరగేసేవాళ్లు. మన అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ పుస్తకాలు వెతికినట్టే అనుకోండి.

అలాంటి పెట్టెల్లోకి చేరిన ఆల్బమ్‌లలో ఒకటి ఎ స్లైస్ ఆఫ్ ద టాప్. అది విడుదలైంది 1979లో. వివరాలు చదివితే రికార్డు చేసిన తేదీ ఉంటుంది: 1966 మార్చి 18. మధ్యలో 13 ఏళ్లు! ఫైనలియర్ ప్రాజెక్టు కష్టపడి చేసి ఇచ్చాక, దాన్ని ఎవరూ తెరవకుండా బీరువాలో పెట్టి, మీకు 35 ఏళ్లొచ్చాక బయటికి తీస్తే ఎలా ఉంటుంది? ఆ ఆల్బమ్ చేసిన హ్యాంక్ మోబ్లీకి అలాంటి అనుభవం ఒక్కసారి కాదు, పదే పదే ఎదురైంది.

జాజ్ సంగీతం వినేవాళ్లకి మోబ్లీ పేరు కొత్త కాదు. టెనర్ సాక్సఫోన్ వాయించినవాళ్లలో ఆయనది పెద్ద పేరే. కానీ ఆ పేరులో చాలా భాగం ఆయన వాయించడం మానేశాక వచ్చింది. కారణం ఈ చవక రీఇష్యూలే.

జబ్బుపడ్డ పిల్లాడికి ఓ సాక్సఫోన్

మోబ్లీ 1930 జులై 7న జార్జియా రాష్ట్రంలోని ఈస్ట్‌మన్‌లో పుట్టారు. పెరిగింది న్యూజెర్సీలోని ఎలిజబెత్ ఊళ్లో. ఇంట్లో పియానో వాయించేవాళ్లు ఉన్నారు, మొదట ఆయనా పియానోతోనే మొదలుపెట్టారు. 16 ఏళ్లప్పుడు జబ్బుచేసి నెలల తరబడి ఇల్లు కదల్లేని పరిస్థితి. పిల్లాడికి కాలక్షేపంగా ఉంటుందని వాళ్ల నాయనమ్మ ఒక సాక్సఫోన్ కొనిపెట్టాలని ఆలోచించింది. అదే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

పక్కనే ఉన్న నెవార్క్‌లోని ఒక సంగీత పాఠశాలలో చేరదామని వెళ్తే, నువ్వు ఈ ఊరివాడివి కాదు కాబట్టి సీటు ఇవ్వమన్నారు. లోకల్, నాన్ లోకల్ గొడవ మనకేం కొత్త కాదు కదా! మోబ్లీ పుస్తకాలు ముందేసుకుని ఇంట్లోనే సాధన చేశారు. దారి చూపించింది డేవ్ అనే బాబాయి. ఆయనా చాలా వాయిద్యాలు తెలిసిన మనిషే. ముందు లెస్టర్ యంగ్‌ను వినమని చెప్పారు. ఇంకో మాట కూడా చెప్పారు. పక్కవాడు గట్టిగా వాయిస్తుంటే నువ్వు మెత్తగా వాయించు, వాడు వేగంగా వెళ్తుంటే నువ్వు నెమ్మదిగా వెళ్లు, వాడు చేసేదే నువ్వూ చేయబోతే ఇబ్బందుల్లో పడతావని ఆ సలహా సారాంశం. ఈ మాట గుర్తుంచుకోండి, మోబ్లీ కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కొన్నాళ్లకి నెవార్క్‌లోనే ఒక క్లబ్బులో రోజూ వాయించే బృందంలో కుదురుకున్నారు. న్యూయార్క్ నుంచి పెద్ద కళాకారులు వచ్చినప్పుడు వాళ్లకి తోడుగా వాయించడమే ఆ బృందం పని. ఇప్పటి భాషలో చెప్పాలంటే అదొక ఇంటర్న్‌షిప్. 1951లో డ్రమ్స్ దిగ్గజం మ్యాక్స్ రోచ్ అక్కడికొచ్చి వాయించారు. వెళ్తూ వెళ్తూ మోబ్లీనీ, అదే బృందంలోని పియానో కుర్రాడు వాల్టర్ డేవిస్‌నీ తనతో తీసుకెళ్లిపోయారు. 1954కల్లా మోబ్లీ డిజ్జీ గిలెస్పీ దగ్గర వాయిస్తున్నారు. ఆ ఏడాది చివర్లో హోరేస్ సిల్వర్, ఆర్ట్ బ్లేకీలతో కలిసి చేసిన రికార్డింగులతోనే జాజ్ మెసెంజర్స్ అనే బృందం పేరు నిలబడింది. 1955 మార్చిలో బ్లూ నోట్ కంపెనీకి సొంత పేరు మీద మొదటి రికార్డు చేశారు. అప్పటికి వయసు 24.

ఒక్క రోజు పని

ఈ కథ అర్థం కావాలంటే బ్లూ నోట్ పనితీరు కొంచెం తెలియాలి. జర్మనీ నుంచి వలస వచ్చిన ఆల్‌ఫ్రెడ్ లయన్ 1939లో న్యూయార్క్‌లో పెట్టిన చిన్న కంపెనీ అది. చిన్నప్పటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ తర్వాత వచ్చి కలిశారు. పెద్ద పెట్టుబడి లేదు గానీ ఒక మంచి పద్ధతి ఉండేది. రికార్డింగుకు ముందు రిహార్సల్ చేయించి, ఆ రిహార్సల్‌కీ డబ్బులిచ్చేవాళ్లు. అప్పట్లో చాలా జాజ్ కంపెనీలు ఆ ఖర్చు పెట్టుకునేవి కావు.

రికార్డింగ్ చేసే ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్. ఆయన కథ విడిగా రాసుకోదగ్గది. పగలు కళ్లు పరీక్షించి కళ్లద్దాలు రాసిచ్చే ఉద్యోగం, మిగతా సమయంలో హ్యాకెన్‌సాక్‌లోని అమ్మానాన్నల ఇంటి హాల్లో రికార్డింగులు. జాజ్ చరిత్రలో గొప్పవనిపించుకున్న ఎన్నో ఆల్బమ్‌లు ఆ హాల్లో తయారైనవే. 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాకే ఆయన కళ్లద్దాల ఉద్యోగం మానేశారు.

జాజ్ ఆల్బమ్ అంటే నెలల తరబడి చెక్కేది కాదు. ముందు అందరూ కలిసి పాట స్వరం వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ ఆ పాట చట్రంలోనే అప్పటికప్పుడు సొంతంగా అల్లుకుంటూ పోతారు. మన కచేరీలో కల్పనస్వరాలు వేసినట్టు అనుకోండి. ఇదంతా సాధారణంగా ఒక్క రోజులో అయిపోతుంది. మోబ్లీ అత్యుత్తమ ఆల్బమ్‌గా ఇవాళ అందరూ చెప్పే సోల్ స్టేషన్ కూడా 1960 ఫిబ్రవరి 7న ఒక్క రోజులో చేసిందే. నలుగురే మనుషులు: మోబ్లీ, పియానోపై వింటన్ కెల్లీ, బేస్‌పై పాల్ చేంబర్స్, డ్రమ్స్‌పై ఆర్ట్ బ్లేకీ. ఆరు పాటల్లో నాలుగు మోబ్లీ సొంతంగా కట్టినవి. వింటే ఎక్కడా చెమటోడ్చినట్టు అనిపించదు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని తీరిగ్గా కబుర్లు చెబుతున్నట్టుంటుంది. ఆ తీరిక వెనక పదేళ్ల క్లబ్బుల చాకిరీ ఉంది.

కానీ అప్పుడు ఆ ఆల్బమ్‌కు ఇప్పుడున్నంత పేరు రాలేదు. ఎందుకంటే అదే కాలంలో అదే వాయిద్యంపై సోనీ రోలిన్స్, జాన్ కోల్ట్రేన్ ఉన్నారు.

పక్కన కోల్ట్రేన్ ఉంటే

ఒకే ఆఫీసులో ఒకే పోస్టులో మీతోపాటు చేరినవాడు అసాధారణ మేధావి అయితే మీ పరిస్థితేంటి? మీరు బాగా చేసినా ఎవరికీ కనిపించదు. మోబ్లీకి సరిగ్గా అదే జరిగింది. కోల్ట్రేన్ 1960లో మైల్స్ డేవిస్ బృందం వదిలి వెళ్లిపోయాక, కొన్నాళ్లకి ఆ కుర్చీ మోబ్లీకి వచ్చింది. జాజ్‌లో అంతకంటే పెద్ద ఉద్యోగం లేదు.

1961 మార్చిలో సమ్‌డే మై ప్రిన్స్ విల్ కమ్ ఆల్బమ్ రికార్డు చేస్తున్నప్పుడు కోల్ట్రేన్ అతిథిగా వచ్చారు. ఆల్బమ్ పేరున్న పాటలోనే ఇద్దరూ వాయించారు. ముందు మోబ్లీ వంతు, తర్వాత కోల్ట్రేన్. పాత ఉద్యోగి వచ్చి కొత్త ఉద్యోగి ముందే అదే పని చేసి చూపించినట్టయింది. ఆ రికార్డు విన్న ప్రతివాళ్లూ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి తూకం వేశారు. ఇప్పటికీ వేస్తున్నారు. మోబ్లీతో వాయించడం తనకేమంత ఉత్సాహంగా ఉండేది కాదని తర్వాత మైల్స్ తన ఆత్మకథలో చెప్పుకొచ్చారు.

బాబాయి సలహా ప్రకారం చూస్తే మోబ్లీ చేసింది తప్పేమీ కాదు. కోల్ట్రేన్ స్వరాల వర్షం కురిపిస్తే ఈయన ఆచితూచి వాయించారు. తన ధ్వని పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, గుండ్రంగా ఉంటుందని మోబ్లీయే చెప్పుకునేవారు. లియొనార్డ్ ఫెదర్ అనే విమర్శకుడు ఆయన్ని టెనర్ సాక్సఫోన్ మిడిల్‌వెయిట్ చాంపియన్ అన్నారు. పొగడ్తే, కానీ అది మెడకు చుట్టుకుంది. మిడిల్‌వెయిట్ అనగానే ద్వితీయశ్రేణి అని జనం అర్థం చేసుకున్నారు.

ఇక్కడ నాకు నచ్చే విషయం ఒకటుంది. ఆ పాట రికార్డు చేసి వారం తిరక్కముందే, మార్చి 26న, మోబ్లీ మళ్లీ వాన్ గెల్డర్ స్టూడియోకి వెళ్లి వర్కౌట్ అనే సొంత ఆల్బమ్ చేశారు. పోలికల బాధ ఆయనకు ఎంత ఉందో మనకు తెలీదు గానీ, ఆ ఆల్బమ్‌లో మాత్రం జంకు కనిపించదు. అదే ఏడాది డిసెంబరులో ఇంకో ఆల్బమ్‌కు సరిపడా రికార్డు చేశారు. అది కంపెనీ బీరువాలోకి వెళ్లింది. 1985 దాకా బయటికి రాలేదు.

బీరువాలోకి ఎందుకు వెళ్లాయి?

బాగోలేక కాదు. లయన్ విడుదల చేయగలిగినదానికంటే ఎక్కువ రికార్డు చేసేవారు. ఒక కళాకారుడివి ఏడాదికి రెండు ఆల్బమ్‌లకు మించి వస్తే షాపులవాళ్లు తీసుకోరు. ఒకటి అమ్ముడుపోతుండగా రెండోది ఆపుతారు, ఈలోపు మూడోది రికార్డవుతుంది, రెండోది పాతబడిపోతుంది. దీనికితోడు లీ మోర్గన్ అనే ట్రంపెట్ కళాకారుడు చేసిన ద సైడ్‌వైండర్ 1964లో పెద్ద హిట్టయింది. చిన్న కంపెనీకి హిట్టు కూడా ఒక ఆపదే. అలాంటిదే ఇంకోటి ఇవ్వండని పంపిణీదారులు మీద పడ్డారు. కాలు కదిపించే పాట ఉన్న ఆల్బమ్ ముందుకొచ్చింది, కొత్తగా ప్రయత్నించింది వెనక్కి పోయింది. 1960ల మధ్యలో లయన్ కంపెనీని లిబర్టీ రికార్డ్స్‌కి అమ్మేశారు, 1967లో రిటైరయ్యారు. వుల్ఫ్ 1971లో చనిపోయారు. బీరువాలో ఏముందో తెలిసినవాళ్లు అలా ఒక్కొక్కరూ పక్కకు తప్పుకున్నారు.

కంపెనీది ఒక్కదానిదే తప్పని రాస్తే అది సగం నిజమే అవుతుంది. ఆ తరం జాజ్ కళాకారుల్లో చాలామందిలాగే మోబ్లీ హెరాయిన్‌కి అలవాటుపడ్డారు. 1958లో ఒకసారి పట్టుబడ్డారు, 1964లో మళ్లీ జైలుకెళ్లారు. జనం నోట్లో పేరు నలగాల్సిన సంవత్సరాల్లో మనిషి కనిపించకుండా పోయేవారు. మత్తు ఆయన ప్రతిభను పెంచిందని ఎవరైనా కథలు చెబితే నమ్మకండి. ఆయన నుంచి అది తీసుకున్నది సంవత్సరాల్ని, చివరికి ఆరోగ్యాన్ని.

ఆ జైల్లోనే ఎ స్లైస్ ఆఫ్ ద టాప్ పాటలు పుట్టాయి. చేతిలో వాయిద్యం లేకపోయినా మోబ్లీ బుర్రలో ఎనిమిది మంది బృందం వాయిస్తూనే ఉంది. అంతవరకూ ఆయన చేసినవి ఎక్కువగా నలుగురైదుగురితో. ఈసారి ట్యూబా, యూఫోనియం లాంటి బరువైన ఇత్తడి వాయిద్యాలు కూడా కావాలనుకున్నారు. ఆయన చెప్పినట్టు డ్యూక్ పియర్సన్ వాద్యాల అమరిక రాశారు. పియానోపై మెకాయ్ టైనర్, ట్రంపెట్‌పై లీ మోర్గన్, ట్యూబాపై హోవార్డ్ జాన్సన్. మోబ్లీ అంటే మెత్తగా నాలుగు పాటలు వాయించే మనిషన్న ముద్రను తుడిచేసే పని అది. దాన్నే బీరువాలో పెట్టారు.

1973లో డౌన్‌బీట్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆయన ఈ బాధ దాచుకోలేదు. ఆల్బమ్ చెయ్యి అని పిలవడం, చేశాక అటక మీద పడేయడం తనకు విసుగొచ్చిందని చెప్పారు. అప్పటికి ఆయన బ్లూ నోట్‌కి సొంత పేరు మీద దాదాపు పాతిక ఆల్బమ్‌లకు పనిచేశారు. చివరిది థింకింగ్ ఆఫ్ హోమ్, 1970 జులై 31న రికార్డు చేసింది. అదీ అటకెక్కింది. మధ్యలో రెండుమూడేళ్లు యూరప్‌లో గడిపారు, పారిస్‌లో ఒక ఆల్బమ్ చేశారు. తిరిగొచ్చేసరికి జాజ్‌కి గిరాకీ పడిపోయింది, క్లబ్బులు మూతపడుతున్నాయి. 1972లో సెడార్ వాల్టన్‌తో కలిసి చేసిన బ్రేక్‌త్రూ తర్వాత ఆయన రికార్డింగులు దాదాపు ఆగిపోయాయి. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, సాక్సఫోన్ ఊదడమే కష్టమైంది. ఫిలడెల్ఫియాలో పేదరికంలో బతికారు.

జాబితా రాసుకున్న మనిషి

అదే సమయంలో మైఖేల్ కస్కునా అనే యువ నిర్మాత ఒక నోటుపుస్తకంతో తిరుగుతున్నారు. పాత కళాకారులు కనిపించినప్పుడల్లా, మీరు చేసి విడుదల కానివి ఏమైనా ఉన్నాయా అని అడిగి రాసుకునేవారు. ఆ జాబితా పెరిగిపోయింది. బీరువా తెరవమని కంపెనీ చుట్టూ కొన్నేళ్లు తిరిగారు. 1975లో బ్లూ నోట్‌లో పనిచేసే చార్లీ లౌరీ దయవల్ల లోపలికి అడుగుపెట్టారు. టేపుల్లో కొన్నింటిలో ఎవరు వాయించారో, పాట పేరేంటో వివరాలు లేవు. వినడం, కళాకారులకు ఫోన్ చేయడం, అడగడం, రాసుకోవడం. డిటెక్టివ్ పనే.

అలా బయటపడ్డ టేపులు 1979 నుంచి ఒక వరసలో ఎల్‌పీలుగా వచ్చాయి. కవర్లన్నీ ఇంచుమించు ఒకే మూసలో ఉండేవి. ప్రచారం లేదు. పాత టేపుతో వచ్చే లాభమేంటంటే స్టూడియో అద్దె, కళాకారుల కూలి అన్నీ ఎప్పుడో చెల్లించేసినవే. రికార్డు అచ్చువేసి కవరు తొడిగితే చాలు. అందుకే రీఇష్యూలు చవక. ఇవి కూడా పెద్దగా అమ్ముడుపోలేదు, చాలావరకు కవరు మూల కత్తిరించుకుని డిస్కౌంట్ పెట్టెల్లోకి చేరాయి. ఎ స్లైస్ ఆఫ్ ద టాప్, థింకింగ్ ఆఫ్ హోమ్ ఇలా వచ్చినవే. పాపిన్ అయితే 1957లో చేసింది, 1980లో బయటికొచ్చింది. అంటే 23 ఏళ్లు.

వింతేంటంటే ఆ చవకదనమే మోబ్లీకి మేలు చేసింది. పేరు తెలియని సంగీతం మీద పూర్తి ధర పెట్టడానికి ఎవరైనా వెనకాడతారు. కాఫీ ఖర్చుతో వస్తుందంటే తీసుకుంటారు. వాళ్లలో కోల్ట్రేన్‌ని పక్కన పెట్టుకుని తూకం వేయకుండా, మోబ్లీని మోబ్లీగా మొదటిసారి విన్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లే తర్వాత సోల్ స్టేషన్ దాకా వెనక్కి వెళ్లారు. జపాన్‌లో అభిమానులు డిపిన్ అనే ఆల్బమ్‌లోని ఒక బోసనోవా పాటను నెత్తిన పెట్టుకున్నారు.

బీరువాలోదంతా బంగారమేమీ కాదు. కొన్నింటిలో బృందం అలసిపోయినట్టు తెలుస్తుంది, కొన్ని పాటలు అప్పటి హిట్టుల మూసలో పోసినట్టుంటాయి. ఆపింది లయన్ కాబట్టి తప్పే అనుకోవడం కూడా తొందరపాటే. కానీ ఎ స్లైస్ ఆఫ్ ద టాప్ విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు. 1966లో అది వచ్చి ఉంటే మోబ్లీకి తర్వాత దక్కిన పనులు వేరేగా ఉండేవనే అనుకుంటాను.

అది విడుదలయ్యేనాటికి ఆయన బతికే ఉన్నారు, 50కి దగ్గర పడ్డారు. ఆ ఆల్బమ్‌ను చూపించి క్లబ్బుల్లో కచేరీలు తెచ్చుకోవాల్సిన మనిషికి ఊదడానికి ఊపిరి లేదు. 1985లో బ్లూ నోట్‌ను మళ్లీ తెరిచారు, 24 ఏళ్ల కిందటి అనదర్ వర్కౌట్ ఆ ఏడాదే వచ్చింది. 1986 మే 30న న్యుమోనియాతో మోబ్లీ చనిపోయారు. వయసు 55. అదే ఏడాది బీరువాలోంచి స్ట్రెయిట్ నో ఫిల్టర్ అనే మరో ఆల్బమ్ బయటికొచ్చింది.

వినాలనుకుంటే ఇప్పుడు పెట్టెల ముందు కూర్చోనక్కర్లేదు, ఇవన్నీ ఫోన్‌లోనే దొరుకుతాయి. రాత్రి ప్రిపరేషన్ అయ్యాక సోల్ స్టేషన్‌తో మొదలుపెట్టండి. అలవాటయ్యాక ఎ స్లైస్ ఆఫ్ ద టాప్. ఒక్క విషయం గమనించండి. యాప్‌లో కనిపించే సంవత్సరం ఒక్కోసారి విడుదలది, ఒక్కోసారి రీఇష్యూది. రికార్డు చేసిన తేదీ విడిగా వెతుక్కోవాలి. మోబ్లీ విషయంలో ఆ రెండు తేదీలూ పక్కపక్కన రాసుకుంటే ఆయన జీవిత చరిత్ర సగం అక్కడే ఉంటుంది.

ఇంతకీ 1957 జూన్‌లో ఆయన చేసిన ఇంకో ఆల్బమ్ ఉంది. దానికి విడిగా పేరు కూడా పెట్టలేదు, కవరు మీద హ్యాంక్ మోబ్లీ అనే ఉంటుంది. బ్లూ నోట్ జాబితాలో దాని నంబరు 1568. అప్పట్లో అచ్చువేసినవి తక్కువే. ఆ పాత ప్రతి కోసం సేకరణకర్తలు ఇప్పుడు వేలంలో వేల డాలర్లు పెడుతున్నారు.